ముందు గురి మీద గంధం

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మిద్దె మీద ఆరేసిన దుప్పట్లు తీసుకొని దిగుతున్నాను. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు ఆటో ఆగింది. పులివెందుల నుంచి కోచ్ సారు వచ్చాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా ఆయనకు రివాల్వర్ పోటీలు నేర్పింది ఆయనే. ఆకుపచ్చ రంగు ఇనుప పెట్టెను రెండు చేతులతో మోసుకొచ్చి వరండాలో అరుగు మీద పెట్టాడు.

“ఇది ఇంట్లో పెట్టుకోవచ్చమ్మా. తుపాకీ మాత్రం ఆన్నే ఉండాది, క్లబ్బులో. లైసెన్సు ఉండే మనిషి ల్యాకుండా దాన్ని ఇంటికి తేగూడదు.”

మా అత్త లోపలి నుంచి వచ్చి పెట్టె చుట్టూ తిరిగి చూసింది.

“తుపాకీ ల్యాకుండా పెట్టె ఏంటికప్పా? ఎద్దుల్ను ఆడ ఇడ్సిపెట్టి కాడి మోసుకొచ్చినట్ల ఉండాది.”

“రూలు అట్లుంది పెద్దమ్మా.”

“మనిషి పోయినాక గూడా రూల్సా?”

“మనిషి పోయినాకనే అసలు రూల్సు” అన్నాడు కోచ్ సారు. తర్వాత ఆ మాట అన్నందుకు బాధపడ్డట్టు తల దించుకొని, నేనిచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అప్పటికి మా ఆయన పోయి నెలన్నర. జమ్మలమడుగులో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసేవాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ కూలబడ్డాడు. గుండె అన్నారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. తుపాకీ ఉన్న మనిషి పోయాడంటే మా వైపు జనం ముందు వేరే రకంగా అనుకుంటారు. పరామర్శకు వచ్చిన వాళ్లలో ఇద్దరు ముగ్గురు, గుండె అని చెప్పాక కూడా, “నిజమేనా?” అన్నట్టు మా అత్త మొహం చూశారు.

పెట్టె తెరవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. లోపల చెవులు మూసుకునే మఫ్లు, పసుపు రంగు కళ్లద్దాలు, గొట్టం తుడిచే ఇత్తడి బ్రష్షు, దాని పుల్ల, చిన్న చిన్న చతురస్రాలుగా కత్తిరించిన తెల్ల గుడ్డలు, నూనె సీసా ఉన్నాయి. మందు లేని డమ్మీ రౌండ్లు ఆరు ఉన్నాయి. ఆరు రౌండ్లనూ ఒకేసారి సిలిండర్‌లోకి దించే గుండ్రటి లోడర్లు రెండు ఉన్నాయి. గురి మర తిప్పే చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి, ఒక నోటు పుస్తకం. ప్రతి వస్తువూ దాని జాగాలో ఉంది. ఇంట్లో తన చొక్కా ఎక్కడుందో తెలియని మనిషి పెట్టె అది.

లైసెన్సు మనిషితోనే పోతుంది. తుపాకీ వారసులకు దానంతట అది రాదు. ఆయన రివాల్వర్ క్లబ్బు ఇనుప బీరువాలో పడి ఉంది. వారసురాలిగా నేను కొత్త లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోతే, లేదా ఇవ్వకపోతే, దాన్ని అమ్మేయాలి, లేదంటే ప్రభుత్వానికి అప్పగించాలి. కడపలో ఆయుధాల సెక్షన్ గుమాస్తా నా అర్జీ తిరగేసి, “మేడమ్, ఈ సంవత్సరం ఆఖరు లోపల ట్రైనింగ్ సర్టిఫికెట్ జత చేయండి. ల్యాకుంటే ఫైలు మూసేస్తాం” అన్నాడు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది క్లబ్బు. దానికి క్లబ్బు ఒక పరీక్ష పెడుతుంది. ముందు భద్రంగా పట్టుకోవడం చూపించాలి. తర్వాత ఇరవై ఐదు మీటర్ల దూరంలో పదిహేను రౌండ్లు కాల్చాలి. కనీసం పది గురిబోర్డు మధ్యలోని నల్ల వలయంలో పడాలి.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. నలభై ఆరేళ్లు. అంతకు ముందు రివాల్వర్‌ను చేత్తో తాకలేదు. ఆయన అప్పుడప్పుడు దాన్ని క్లబ్బు నుంచి ఇంటికి తెచ్చి శుభ్రం చేస్తుంటే వేరే గదిలోకి వెళ్లేదాన్ని.

మరి ఎందుకు కావాలనుకున్నావని అప్పుడు చాలామంది అడిగారు. ఆయన బట్టలు పంచేశాను. మోటారు సైకిల్‌ను ఆయన తమ్ముడు తీసుకున్నాడు. ఆఫీసు వాళ్లు ఆయన కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెట్టారు. అవేవీ నన్ను అంతగా కదిలించలేదు. ఆయన దేన్నీ పట్టించుకునే మనిషి కాదు, ఈ ఒక్కటి తప్ప. ఆదివారం పొద్దున జమ్మలమడుగుకు వెళ్లేటప్పుడు ఆయన నడక మారేది. ఆ నడకకు కారణమైన వస్తువు ముక్కూమొహం తెలియని వాళ్ల చేతికి పోవడం నాకు ఇష్టం లేదు. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

క్లబ్బు జమ్మలమడుగు బయట, నాపరాయి తీసి వదిలేసిన ఒక గనిలో ఉంటుంది. మూడు వైపులా నిలువుగా రాతి గోడ. గోడ ముందు మట్టికట్ట. దాని ముందు కొయ్య చట్రాలకు కాగితపు గురిబోర్డులు. నాలుగో వైపు రేకుల పందిరి, దాని కింద బల్లలు. మొదటి ఆదివారం నేను వెళ్లేసరికి ఏడెనిమిది మంది మగవాళ్లున్నారు. మాటలు ఆపి చూశారు. ఒకాయన కుర్చీ తెచ్చి వేశాడు. ఇంటికి వచ్చిన చుట్టానికి వేసినట్టు వేశాడు.

“కూచోవడానికి రాలేదన్నా” అన్నాను. కుర్చీ పక్కకు జరిపి నిలబడ్డాను.

కోచ్ సారు ఆ రోజు రివాల్వర్ బయటికి తీయలేదు. మఫ్లు పెట్టించి, పక్కన వేరేవాళ్లు కాలుస్తుంటే ఊరికే నిలబడమన్నాడు. ప్రతి చప్పుడుకూ నా భుజాలు పైకి లేచాయి. గంట సేపట్లో నలభై చప్పుళ్లైనా అయి ఉంటాయి. నలభయ్యోదానికి కూడా లేచాయి.

“పద్ధతి ఇదేనమ్మా. చెవికి అలవాటు గావాల మొదుట. చేతిది తర్వాత. మీ ఆయన గూడా మొదుటి రోజు ఇట్లనే ఎగిరిపడినాడు.”

“నిజంగానా?”

“నీకంటే ఎక్కువ. టీ గ్లాసు పడేసినాడు.”

ఆ మాట నిజమో, నాకోసం చెప్పాడో తెలియదు.

రెండో శనివారాలు సెలవు కాబట్టి ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందులకు, కోచ్ సారు ఇంటికి పోయేదాన్ని. తుపాకీ లేకుండా నేర్చుకునేది చాలా ఉందని అక్కడే తెలిసింది. గోడ మీద సుద్దతో చుక్క పెట్టి, ఇస్త్రీపెట్టె చేతికిచ్చి, చెయ్యి చాపి చుక్కకు ఎదురుగా పట్టుకోమనేవాడు. వాళ్లావిడ వంటింట్లోంచి అంకెలు లెక్కపెట్టేది. ముప్పై దాటేసరికి నా మోచెయ్యి వణికేది. ఊపిరి సగం వదిలి ఆపడం, రెండు కళ్లూ తెరిచి చూడడం, వేలు ట్రిగ్గర్ మీద ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు. వీటిలో చివరిది ఆయన వందసార్లు చెప్పాడు.

ఇంట్లో కూడా ఇస్త్రీపెట్టె పట్టుకొని నిలబడేదాన్ని. మా అత్త మంచం మీద కూర్చొని చూసేది.

“ఏంది మే, గోడకు ఇస్త్రీ చేస్తాండావా?”

“చెయ్యి నిలబడాల అత్తా.”

“బిందె మోసే చెయ్యి నిలబడదా? మా కాలంలో రెండు బిందెలు సంకన, ఒకటి నెత్తిన. ఎవురూ సర్టిఫికెట్ అడగల్యా.”

నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడో నెలలో మా ఆయన రివాల్వర్ నా చేతికొచ్చింది. కలెక్టరాఫీసుకు రాసి, క్లబ్బు ఆవరణలో కోచ్ పక్కన ఉండగా వాడొచ్చని అనుమతి తెచ్చారు. నడుముకు కట్టుకొని తిరిగే రకం కాదు అది. గొట్టం పొడవు, బరువు ఎక్కువ. గొట్టం కొసన నిలువుగా చిన్న ఇనుప పలక ఉంటుంది. అది ముందు గురి. వెనక చతురస్రపు గాడి ఉంటుంది. అది వెనక గురి. గాడి మధ్యలో పలక నిలబడాలి, రెండింటి పైఅంచులూ ఒక గీతలో ఉండాలి. వెనక గురిని చిన్న మరతో పైకీ కిందికీ జరపొచ్చు. మర తిరిగేటప్పుడు ఒక్కో మెట్టుకూ టిక్కుమంటుంది.

పిడి మాత్రం నాకు పెద్దది. టేకు కొయ్యది. ఆయన చేతికి సరిపోయేలా ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది చేసుకున్నాడు. దాన్ని పట్టుకుంటే, కాల్చే ముందు వెనక్కి లాగాల్సిన హ్యామర్ మీదికి నా బొటనవేలు అందలేదు. కోచ్ సారు దాన్ని విప్పి, క్లబ్బులో ఉన్న చిన్న రబ్బరు పిడి బిగించాడు. నా మొహంలో ఏదో చూసి, “ఇది పారేయంలేమ్మా. ఎప్పుడు గావాలన్నా మళ్లా బిగించుకోవచ్చు” అన్నాడు. టేకు పిడిని తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

“వెనక గురిని ముట్టుకోవద్దు” అని కూడా అన్నాడు. “ఆయప్ప మూడేండ్ల కిందట ఒకే ఒక దినం కూచోని దాన్ని సరి చేసుకున్న్యాడు. మళ్లా తిప్పల్యా. బాగుండాది అది.”

నాకు ఆ మాట బాగా నచ్చింది. పిడి మారింది, చెయ్యి మారింది. గురి మాత్రం ఆయన పెట్టిందే. దాన్లోంచి చూస్తే నల్ల వలయం మీద బూడిద రంగు పలక నిలబడేది. ఆయన కూడా ఇలాగే చూసి ఉంటాడు. ఇలాంటి ఆలోచనలు మంచివి కావని నాకు తెలుసు. చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట్లు వస్తే పేజీ తిప్పేసేదాన్ని. అయినా ఆదివారం కోసం ఎదురుచూశాను.

వినాయక చవితి దాటేసరికి పదిహేనులో తొమ్మిది, పది నల్లదాంట్లో పడుతున్నాయి. చెదిరి పడుతున్నాయి గానీ పడుతున్నాయి. “పరీక్షకు చాలు” అన్నాడు కోచ్ సారు. పరీక్షకు కార్తీకంలో ఒక ఆదివారం అనుకున్నారు.

దసరా వచ్చింది. మా ఆయన పోయి ఏడాది తిరగలేదు కనుక ఇంట్లో పండగ లేదు. గడపకు పసుపు లేదు, వంటింట్లో బూరెలు లేవు. నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం పట్టుకొని కూర్చున్నాను. మా అత్త మాత్రం జమ్మలమడుగులో వాళ్ల చెల్లెలింటికి పోయివస్తానని బయలుదేరింది. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుంటూ చెప్పింది.

“క్లబ్బుకు పోయినా. ఆడ ఆయుధపూజ చేస్తాండారు. నా కొడుకు తుపాకీ యాడప్పా అంటే తీసి చూపించినారు. బొట్టు పెట్టొచ్చినా.”

“ఏడాది గాలేదు గదత్తా మనకు.”

“మనకు గాల్యా. తుపాకీకి సూతకం ఏంది? అది క్లబ్బులో ఉండాది, వాళ్లకు పండగ. అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకపోతే, అదేం పాపం చేసింది?”

ఆమె మొహం చాలా రోజుల తర్వాత నిమ్మళంగా కనిపించింది. యాడ పెట్టినావని నేను అడగలేదు.

తర్వాతి ఆదివారం మొదటి ఐదు రౌండ్లు కాల్చి, గురిబోర్డు దగ్గరికి నడిచి చూస్తే నల్ల వలయంలో ఒక్కటే ఉంది. మిగతా నాలుగు దాని కింద, తెల్ల భాగంలో, పక్కపక్కనే పడ్డాయి.

“ట్రిగ్గర్ గుంజుతాండావు” అన్నాడు కోచ్ సారు. “పరీక్ష దగ్గర పడిందని భయం. భయపడితే మణికట్టు కిందికి పోతాది. నిదానంగా.”

నిదానంగా కాల్చాను. మళ్లీ కిందే. ఇంకా నిదానంగా కాల్చాను. ఇంకా దగ్గర దగ్గరగా, ఇంకా కిందే.

ఆ వారమంతా లైబ్రరీలో పుస్తకాల మీద ముద్ర వేస్తూ మణికట్టునే చూసుకునేదాన్ని. రోజుకు రెండుసార్లు ఉండే ఇస్త్రీపెట్టె నాలుగుసార్లు అయింది. కుడిచెయ్యి భుజం దగ్గర నొప్పి పట్టింది. కడప గుమాస్తా ‘ఫైలు మూసేస్తాం’ అన్న మాట చపాతీ వత్తుతుంటే వినిపించేది, బస్సులో వినిపించేది. ఆ రివాల్వర్‌ను ఎవరో ఒక అంగట్లో అద్దం కింద పెట్టి, బేరం చేస్తున్నట్టు ఊహించుకునేదాన్ని.

రెండో ఆదివారం కోచ్ సారు ఒక పని చేశాడు. నన్ను అటు తిరగమని, సిలిండర్‌లో మూడు నిజం రౌండ్లు, రెండు డమ్మీలు కలిపి పెట్టి ఇచ్చాడు. ఏది ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. భయంతో చెయ్యి కిందికి లాగే అలవాటుంటే, డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు ఉండదు గనుక ఆ లాగడం కంటికి కనిపిస్తుంది. మొదటిది పేలింది. రెండోది డమ్మీ. ముందు గురి కదల్లేదు. నాలుగోది డమ్మీ. అప్పుడూ కదల్లేదు.

ఆయన నుదురు ముడిచాడు. “చెయ్యి బాగానే నిలబడతాండాది గదమ్మా” అన్నాడు. “మరి ఏంది ఇది?” ఆలోచిస్తూ పక్క బల్ల దగ్గర ఎవరో పిలిస్తే అటు పోయాడు.

అప్పుడు నేను తప్పు చేశాను. పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి, వెనక గురి మరను పైకి తిప్పాను. కొంచెం తిప్పి ఆపుదామనుకున్నాను. టిక్కు టిక్కుమంటుంటే ఆపలేకపోయాను. లెక్కపెట్టలేదు. తర్వాత కాల్చిన ఐదులో నాలుగు నల్ల వలయంలో పడ్డాయి.

కోచ్ సారు వచ్చి చూసి, “అదీ!” అన్నాడు. నేను చెప్పలేదు. మెచ్చుకుంటుంటే మరీ చెప్పలేకపోయాను. బస్సులో వస్తూ, పోనీలే, పరీక్ష అయితే చాలు అనుకున్నాను. ఎర్రగుంట్ల రోడ్డు దాటేలోగా ఆ మాటను కనీసం పదిసార్లు అనుకొని ఉంటాను.

మా ఆయన నోటు పుస్తకాన్ని నేను రోజుకు ఒక పేజీ చొప్పున చదివేదాన్ని. అంతకంటే ఎక్కువ చదివితే అయిపోతుంది. అందులో పెద్ద విషయాలేమీ లేవు. తారీఖు, ఎండ, గాలి, ఎన్ని రౌండ్లు, ఎన్ని పడ్డాయి. ‘పొద్దున ఉగ్గాని ఎక్కువ తిన్నాను, చెయ్యి బరువు’ లాంటి మాటలు. పరీక్షకు ఎనిమిది రోజుల ముందు, శనివారం పొద్దున చదివిన పేజీ రెండేళ్ల కిందటి దసరా మర్నాటిది. రెండే వాక్యాలు. ‘అమ్మ ఈసారి కూడా ముందు గురికే గంధం పెట్టింది. తనకు చెప్పకుండా తుడిచాను.’

పుస్తకం పట్టుకొనే లేచాను. మా అత్త దగ్గరికి పోయాను.

“అత్తా, దసరా నాడు తుపాకీకి బొట్టు యాడ పెట్టినావు?”

“యాడ పెడతారు మే? నొసట. కొసన చిన్న పలక లేసి ఉంటాది సూడు, ఆడ. ఎప్పుడూ ఆన్నే పెడతా.”

లెక్క సులువే. ముందు పలక మీద గంధం గట్టిపడితే పలక ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తును వెనక గాడితో సమం చేసి కాలిస్తే గొట్టం కిందికి వంగుతుంది. గుండు కింద పడుతుంది. నా మణికట్టు తప్పు లేదు. భయం తప్పు కూడా లేదు. మూడేళ్లుగా ఎవరూ తిప్పని మరను నేను తిప్పేశాను. ఎన్ని టిక్కులో తెలియదు. పుస్తకం మొదటి నుంచి చివరి వరకు, రోజుకొక పేజీ అన్న నియమం వదిలేసి, ఆ పొద్దున్నే చదివేశాను. ఎన్నో మెట్టు మీద గురి పెట్టుకున్నాడో ఎక్కడా రాయలేదు. ఎప్పుడూ తిప్పని దాన్ని ఎవరు రాసుకుంటారు?

మర్నాడు ఆదివారం. బల్ల దగ్గర నిలబడి కోచ్ సారుకు అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, ముందు గురిని వెలుగుకు పట్టి చూశాడు. నల్లగానే ఉంది. గోటితో గీకాడు. నలుపు లేచి, కింద పసుపు పొడి రాలింది.

“అయ్యో నా పాపం” అన్నాడు. “పూజ అయినాక గుడ్డతో తుడిచినా. పైపైన తుడిచినట్లుండాది. ఆపైన మెరుపు రాకుండా కర్పూరం వెలిగించి పొగ పట్టించినా. పొగకు గంధం గూడా నల్లగ అయిపోయింది. నా కండ్లకు ఏం తెలుస్తాది?” గురి పలక ఎండకు మెరవకుండా కర్పూరం మసి పట్టించడం అక్కడ మామూలే. గంధం మీద మసి పట్టిందని ఎవరూ అనుకోలేదు.

“మర తిప్పినాను సార్. ఎన్నిసార్లో తెలీదు.”

“తిప్పితే తిప్పినావులే.”

“ఆయన పెట్టుకున్న్యది పోయింది.”

ఆయన బ్రష్షుతో పలక తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. “ఆయప్ప కన్ను వేరు, నీ కన్ను వేరు. పిడి మార్చినప్పుడే నీకు నీ గురి పెట్టాల్సింది నేను. నువ్వు బాధపడతావని ముట్టుకోవద్దంటి. పరీక్ష మీదికి తెచ్చుకున్న్యాం ఇద్దరం. కూచో. ఈ పొద్దే పెట్టుకుందాం.”

గంధం పోయిన గురితో ఐదు కాలిస్తే అన్నీ పైన పడ్డాయి. రెండు మెట్లు కిందికి తిప్పాం. మళ్లీ ఐదు. మళ్లీ రెండు మెట్లు. ప్రతిసారీ గురిబోర్డు దాకా నడిచి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిరిగి వచ్చాం. ఒక్కో టిక్కుకూ, ఆయన పెట్టింది ఇక్కడేనేమో అనుకున్నాను. తెలుసుకునే దారి లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక గుండ్లు నల్లదాని మధ్యకు వచ్చాయి. అది నా కంటికి, రబ్బరు పిడికి సరిపోయిన చోటు. నోటు పుస్తకంలో ఆయన చివరి పేజీ తర్వాత ఒక పేజీ వదిలి, మర పూర్తిగా కిందికి దించినప్పటి నుంచి ఎన్ని మెట్లో రాశాను. నా చేతిరాత వంకరగా వచ్చింది.

కోచ్ సారు నాకు తోడుగా ప్రొద్దుటూరు దాకా వచ్చాడు. వరండాలో కాఫీ తాగుతూ, చెప్పొద్దని నేను సైగ చేస్తున్నా, మా అత్తకు చెప్పేశాడు.

“నీ బొట్టు శానా పని చేసింది పెద్దమ్మా. రెండు వారాలు కోడల్ని ఏడిపించినావు.”

మా అత్త అంతా విని, కొంగుతో మూతి తుడుచుకొని అంది.

“గంధం బొట్టుకే గురి తప్పే తుపాకీ ఏం తుపాకప్పా? వాడుండగా ప్రతి సంవత్సరం పెడితి. ఒకనాడన్నా తప్పిందా?”

“ఆయన తుడిచేటోడత్తా” అన్నాను. “నీకు చెప్పకుండా.”

ఆమె నా వైపు చూసింది. “దొంగనాకొడుకు” అంది. లేచి లోపలికి పోయింది. లోపల ట్యాపు తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు దాన్ని కట్టేయలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే ముసురు పట్టింది. పందిరి రేకుల మీద సన్నని చప్పుడు. క్లబ్బు కార్యదర్శి, ఇంకొక సభ్యుడు కుర్చీల్లో కూర్చున్నారు. కోచ్ సారును దూరంగా నిలబడమన్నారు. సిలిండర్ తెరిచి ఆరు రంధ్రాలూ ఖాళీ అని చూపించాను. వేలు ట్రిగ్గర్‌కు బయట పెట్టి బల్ల మీద ఉంచాను. గొట్టం ఎప్పుడూ మట్టికట్ట వైపే. అడిగినవన్నీ చెప్పాను. అంతవరకు బాగానే ఉంది.

ఐదేసి చొప్పున మూడుసార్లు కాల్చాలి. మొదటి ఐదులో మూడు నల్లదాంట్లో పడ్డాయి. నాలుగు పడాల్సింది. లోడర్‌తో రౌండ్లు దించుతుంటే ఒకటి జారి బల్ల మీద దొర్లింది. కార్యదర్శి దాన్ని చూశాడు, కాగితం మీద ఏదో రాశాడు. ఏం రాశాడో ఆలోచిస్తూనే రెండో ఐదూ కాల్చాను. నాలుగు. మొత్తం ఏడు. ఇక మూడు కావాలి.

మూడోసారి చెయ్యి చాచితే మోచెయ్యి దగ్గర పాత వణుకు మొదలైంది. చెయ్యి దించేశాను. దించొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. మళ్లీ చాచాను. మళ్లీ దించాను. ఎవరో దగ్గారు. నాలుగోసారి చాచినప్పుడు మా ఆయన గురించి అనుకోలేదు, లైసెన్సు గురించి అనుకోలేదు. గాడి మధ్యలో పలక ఉందా, పైఅంచులు సమంగా ఉన్నాయా అని మాత్రమే చూశాను. ఐదు రౌండ్లు ఎప్పుడు అయిపోయాయో, ఆరోసారి వేలు నొక్కబోతుంటే కోచ్ సారు “అమ్మా, అయిపోయినాయి” అని అరిస్తే తెలిసింది.

నాలుగు పడ్డాయి. మొత్తం పదకొండు. కార్యదర్శి రెండుసార్లు లెక్కపెట్టి సంతకం చేశాడు. జారిన రౌండు గురించి ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చి చెబితే మా అత్త, “పదకొండేనా?” అంది. “వాడు పదమూడు పద్నాలుగు కొడతాండె.” తర్వాత ఉల్లిగడ్డలు తరుగుతూ, “అన్నం తినుపో, చల్లారిపోతాది” అంది.

సంవత్సరం ఆఖరుకు నాలుగు రోజుల ముందు సర్టిఫికెట్ కడపలో ఇచ్చాను. ఆ తర్వాత పోలీసులు ఇంటికి వచ్చి విచారించారు. పక్కింటి వాళ్లను అడిగారు. నేను శాంతంగా ఉండే మనిషినేనా అని మా అత్తను అడిగితే, “దీనికి కోపం గూడా వస్తాదా నాయనా?” అందట. లైసెన్సు చేతికి వచ్చేసరికి ఉగాది దాటింది. అప్పటికి ఆయన పోయి ఏడాది తిరిగింది, మాసికాలన్నీ పూర్తయ్యాయి.

తర్వాతి ఆదివారం క్లబ్బులో రిజిస్టరు ముందు పెట్టారు. బీరువాలోంచి ఏ తుపాకీ బయటికి తీసినా, అది ఎవరిదో, ఎవరు కాలుస్తున్నారో రెండు గడుల్లో రాయాలి. అన్ని నెలలూ నేను నేర్చుకున్న ప్రతిరోజూ రెండో గడిలో నా పేరు, మొదటి గడిలో మా ఆయన పేరు ఉండేవి. తుపాకీ ఇంకా ఆయనదే కనుక అలాగే రాయాలి. ఆ పేజీల్లో ముప్పై సార్లకు పైగా మా ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. రాసేటప్పుడు నేనెప్పుడూ దాన్ని గమనించలేదు. ఆ రోజు కోచ్ సారు కలం తీసుకొని మొదటి గడిలో నా పేరు రాశాడు. రెండో గడిలోనూ నా పేరే రాశాడు. రిజిస్టరు నా వైపు తిప్పాడు. నేను సంతకం పెట్టాను.

ఆ రిజిస్టరులో ఇప్పుడు ఆయన పేరు రాయడం లేదు.